సాఫ్టువేరు మంచిచెడ్డలు: కొలిచెడి కుంచమెవరిది?

వర్తకుడు ధాన్యము కొలుచునపుడు తెలివిగల కొనుగోలుదారు గింజలనే గాక కుంచమును గూడ చూచును. కుంచపుటడుగు లోనికి నొక్కబడి యున్నదేమో, అంచు అరిగిపోయినదేమో, కొలుచువాని బొటనవ్రేలు లోపల దూరినదేమో పరీక్షించిన పిమ్మటనే సంచి విప్పును. ఈ జాగ్రత్త మన సంతలకు క్రొత్త గాదు. తూనికరాళ్లకు ముద్ర వేయించుట, తప్పుడు తూనికను శిక్షించుట ప్రభుత్వ ధర్మములని అందఱు నంగీకరించినదే. అయినను నేడు మన జీతములను, పింఛనులను, బియ్యపు కార్డులను, విద్యార్థుల మార్కులను, భూముల హక్కులను, బ్యాంకు నిలువలను లెక్కగట్టుచున్న సాఫ్టువేరు విషయమున ఈ జాగ్రత్త మనకు లేకపోవుట విచారకరము. ఆ సాఫ్టువేరు మంచిదని చెప్పువారెవరు? దానిని చేసి అమ్మినవారే. ఏ కొలతను బట్టి చెప్పుచున్నారు? తామే యేర్పఱచుకొన్న కొలతను బట్టి. అమ్మువాని కుంచము, అమ్మువాని చేయి, అమ్మువాని లెక్క! ఇక కొనువానికి మిగిలినదేమి?

ఇది ఇంజనీర్ల గోష్ఠులలో తేలవలసిన సంగతి యనియు, న్యాయవాదులకును పత్రికలకును ఇందు పనిలేదనియు కొందఱు మిత్రులు మాతో వాదించుచున్నారు. వారి మాట మాకు సమ్మతము గాదు. కొలత తప్పినపుడు నష్టపోవువాడు ఇంజనీరు గాడు. ఆ లెక్కకు జవాబు చెప్పుకొనవలసిన సామాన్యుడు. అతడు తుదకు వచ్చి నిలుచు చోటు న్యాయస్థానము. ఇందుకు నిదర్శనముగా బ్రిటనులో జరిగిన యొక ఘోరమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

బ్రిటిషు పోస్టాఫీసువారు 1999లో తమ శాఖలయందు హొరైజను అను కంప్యూటరు లెక్కల పద్ధతిని ప్రవేశపెట్టనారంభించిరి. దానిని నిర్మించినది ఐ.సి.ఎల్. అను సంస్థ, అదియే తరువాత జపాను దేశపు ఫుజిట్సు పేర నడచినది. గ్రామములందును పట్టణపు వీధులందును చిన్న దుకాణముతోబాటు పోస్టాఫీసు నడుపుకొను సబ్‌పోస్టుమాస్టర్లు లెక్క చూచుకొనగా, పెట్టెలోని రొక్కమునకును యంత్రము చూపు రొక్కమునకును పొంతన కుదరకపోయెను. తక్కువపడిన సొమ్మును తామే పూడ్చవలయునని పోస్టాఫీసువారు పట్టుబట్టిరి. కొందఱు ఇల్లు తాకట్టు పెట్టి పూడ్చిరి. పూడ్చలేనివారిపై దొంగతనము, తప్పుడు లెక్కలు వ్రాయుట మున్నగు నేరములు మోపబడెను. 1999 మొదలు 2015 వఱకు ఆ యంత్రపు లెక్కల నాధారముగా జేసికొని 900 మందికి పైగా నేరస్థులుగా తీర్మానింపబడిరి. 2010లో ఒక స్త్రీ గర్భవతిగా నుండియే చెఱసాల కేగవలసి వచ్చినది. విచారణ సంఘాధ్యక్షులగు సర్ విన్ విలియమ్సు 2025 జులైలో ప్రకటించిన నివేదిక మొదటి సంపుటమును బట్టి, కనీసము 13 మంది ఈ యవమానము మూలమున ప్రాణములు తీసికొని యుండవచ్చును.

ఈ యనర్థమునకు మూలము యంత్రములో లోపముండుట మాత్రమే యని యనుకొనుట పొరపాటు. లోపము లేని సాఫ్టువేరు లోకమున లేదు. ఆ లోపములను కొలుచు పద్ధతియే వంకరగా నుండుట ఇచ్చటి విపత్తు. సాయము కోరి ఫోను చేసిన సబ్‌పోస్టుమాస్టర్లలో పలువురకు, ఇట్టి చిక్కు మీకొక్కరికే వచ్చినదని సమాధానము లభించినది. ఎవరికి వారే ఒంటరులు. ఎవరి లెక్కలో వారే దొంగలు. కాని నిర్మించిన సంస్థయొద్ద తెలిసిన లోపములను నమోదు చేయు చిట్టా యొకటి ఆదినుండియు నుండెను. ఆలన్ బేట్సు నాయకత్వమున 555 మంది కూడి హైకోర్టులో దావా వేసినపుడు పోస్టాఫీసు పక్షమువారు మొదట ఆ చిట్టాకు ప్రాముఖ్యమే లేదన్నట్లు వాదించిరి. తుదకది బయటకు వచ్చినపుడు అందు వేలకొలది నమోదులు కానవచ్చెను. శాఖలయందలి లెక్కలను దూరమున నుండియే మార్చు శక్తి నిర్మాతల యుద్యోగులకు లేదని పోస్టాఫీసువారు సంవత్సరముల తరబడి చెప్పిన మాటయు నిలువలేదు.

ఒక్క యుదాహరణము చాలును. 2015లో ఒక శాఖనుండి 8,000 పౌనులు మఱియొక చిన్న కేంద్రమునకు పంపబడెను. తెర కదలక నిలిచిపోగా, అచ్చటివారు మీటను మఱల మఱల నొక్కిరి. యంత్రము ఆ మొత్తమును నాలుగుమారులు నమోదు చేసికొని 32,000 పౌనులుగా చూపెను. లేని 24,000 పౌనులు లెక్కలో పుట్టినవి! ఈ తరహా సంఘటనలు అంతకు పూర్వము ఐదేండ్లలో శతాధికముగా జరిగినట్లు పిమ్మట తేలెను. నేతిబీరకాయలో నేయి లేనట్లే ఆ లెక్కలో రొక్కము లేదు. కాని ఆ లెక్కకు మనుష్యుడు మాత్రము బాధ్యుడు.

2019 డిసెంబరు 16వ తేదీన జస్టిసు ఫ్రేజరు ఇచ్చిన తీర్పు మా యభిప్రాయమున సాఫ్టువేరు నాణ్యమును గూర్చి ఒక న్యాయస్థానము వ్రాసిన గొప్ప పాఠ్యగ్రంథము. హొరైజను దృఢమైనదా కాదా యనునదే అచ్చటి ముఖ్య ప్రశ్నలలో నొకటి. దృఢమనగానేమి? దేనిని బట్టి నిర్ణయింపవలయును? పోస్టాఫీసు పక్షపు నిపుణుడు సంఖ్యాశాస్త్రము నాశ్రయించి, కోట్లకొలది లావాదేవీలు జరుగుచుండగా ఒక్కొక్క లోపము ఫలానా శాఖ లెక్కను చెఱచు అవకాశము మిక్కిలి స్వల్పమని వాదించెను. న్యాయమూర్తి ఆ వాదమును త్రోసిపుచ్చి, లోపములనొకటొకటిగా పరిశీలించి, మొదటి హొరైజను దృఢమైనది కాదనియు, దాని తరువాతి రూపమునందును గణనీయమైన లోపము లున్నవనియు తీర్మానించెను. 2021 ఏప్రిలు 23న అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దు చేసినది. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసి తక్కిన శిక్షలలో పెక్కింటిని మూకుమ్మడిగా తుడిచివేసినది.

ఆ సంఖ్యాశాస్త్రపు వాదములోని మర్మమును మా పాఠకులు చక్కగా గ్రహింపవలయును; ఏలయన ఇదియే ఎల్లెడల వినబడు వాదము. ఒక సంస్థకు 10,000 శాఖలున్నవనుకొందము. నెలకొక లెక్క చొప్పున ఏడాదికి 1,20,000 లెక్కలు. పదివేలలో ఒక్కటి మాత్రమే యంత్రదోషమున తప్పుచున్నదనుకొందము. నూటికి 99.99 పాళ్లు సరియైనదని సంస్థవారు తంబుర మీటుదురు. కాని ఏడాదికి 12 తప్పుడు లెక్కలు, పదునైదేండ్లకు 180 తప్పుడు లెక్కలు తేలుచున్నవి. ఇంతటితో నాగదు. పొంతన కుదరని లెక్కలు ఏడాదికి అన్నికారణముల వలన కలిసి 60 యనుకొందము. బోనులో నిలుచువాడు లక్షా ఇరువదివేలనుండి చీటి తీసి పిలువబడినవాడు కాడు. ఈ అరువదిమందిలోని వాడు. ఆ అరువదింట 12 యంత్రపు తప్పులు. అనగా ఐదుగురిలో నొకడు నిర్దోషి! నూటికి 99.99 అని కొలిచిన కుంచమే, హారమును మార్చినంతనే, ఐదింట నొకటి యనుచున్నది. రెండు లెక్కలును నిజములే. నిందితుని విషయమున న్యాయస్థానమునకు కావలసినది రెండవది; సంస్థవారు చూపుచుండునది మొదటిది.

ఇట్టి తప్పిదమునకు శాసనమును తోడుపడినది. 1984 నాటి బ్రిటిషు శాసనమొకటి, కంప్యూటరు పత్రమును సాక్ష్యముగా చూపదలచినవాడు ఆ యంత్రము సరిగా పనిచేయుచుండెనని రుజువు చేయవలయునని విధించెను. ఇది వృథా శ్రమయని తలచి 1999 శాసనముచే దానిని తొలగించిరి. పిమ్మట యంత్రము సరిగానే యున్నదను భావనయే న్యాయస్థానములలో నిలిచెను. కాదనువాడు కాదని చూపవలయును. లోపముల చిట్టా సంస్థ బీరువాలో నుండగా పల్లెటూరి సబ్‌పోస్టుమాస్టరు ఎట్లు చూపగలడు? ఎద్దు ఈనినదనగా గాటికి కట్టివేయుమన్న సామెత ఇచ్చట అక్షరాల జరిగినది. ఈ భావనను మార్చు విషయమై అచ్చటి ప్రభుత్వము 2025 జనవరిలో ప్రజాభిప్రాయమును కోరినది.

మన సంగతి చూతము. 1872 నాటి సాక్ష్య చట్టమునకు మారుగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియము 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని 63వ నిబంధన ప్రకారము కంప్యూటరు పత్రముతో ధ్రువపత్రము జతపఱుపవలయును. యంత్రము సరిగా పనిచేయుచుండెనని వ్రాయవలయును. హ్యాష్ సంఖ్యను తెలుపవలయును. మంచిదే. కాని హ్యాష్ సంఖ్య తెలుపునదేమి? ఈ ప్రతి మూలమునకు సరియైనదని మాత్రమే. మూలములోని లెక్కయే తప్పయినచో, ఆ తప్పునకు నిక్కమైన ప్రతి యిదియని అది సాక్ష్యమిచ్చును! ఇక యంత్రము సరిగా పనిచేయుచుండెనను వాక్యము మాటకేమి? దీపము వెలుగుచు తెర కదలుచు నుండినచో సరిగా పనిచేసినట్లేనా? ఏ కొలతను బట్టి సరియన్నారని అడుగు అలవాటు మన న్యాయస్థానములలో నింకను పాదుకొనలేదు. అడిగినను సమాధానము చెప్పుటకు తగిన కొలత యుండవలయును గదా!

కావున కొలతలను గూర్చియే విచారింతము. ఈ వృత్తియందు మొదట పుట్టిన కొలత కోడు పంక్తుల లెక్క. వేయి పంక్తులకు ఎన్ని లోపములు కనబడినవను నిష్పత్తిని నాణ్యమునకు గుర్తుగా చూపుచు వచ్చిరి. ఇందలి చిక్కు స్పష్టమే. పది పంక్తులలో చెప్పదగినదానిని నలువది పంక్తులలో సాగదీసినవాని నిష్పత్తి అందముగా కనబడును. లోపములను వెదకనివాని నిష్పత్తి మఱింత అందముగా కనబడును. 1976లో టామ్ మెక్‌కేబు అను నాతడు ప్రోగ్రాములోని త్రోవల కూడళ్లను లెక్కించి సంక్లిష్టతను కొలుచు సూత్రమును ప్రకటించెను. అది యుపయోగకరమే, ఎక్కడ చిక్కుముడి యున్నదో తెలుపును. కాని ముడి లేని దారము గూడ తప్పుడు గుడ్డలో కుట్టబడవచ్చును.

పిమ్మట వచ్చినది ధ్రువపత్రముల కాలము. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సాఫ్టువేరు ఇంజనీరింగు సంస్థ, పని జరుపు పద్ధతులను ఐదు మెట్లుగా విభజించినది. ఐదవ మెట్టు నెక్కిన తొలి సంస్థలలో మన దేశమందలివి పెక్కులున్నవి. అందుకు మనము గర్వింపవచ్చును. క్రమము, నమోదు, సమీక్ష అను గుణములను ఆ మెట్లు నేర్పినవి. కాని అవి వంటయింటి శుభ్రతను కొలుచును. వడ్డించిన యన్నమును కొలువవు. అంతర్జాతీయ ప్రమాణ సంస్థవారి 25010 సంఖ్యగల ప్రమాణము అన్నమువైపు దృష్టి మరల్చినది. 2011లో ఎనిమిది గుణములను చెప్పిన యా ప్రమాణము 2023లో భద్రతను జేర్చి తొమ్మిదిగా చేసినది. మనుష్యునికి కీడు కలుగకుండుట ప్రత్యేక గుణముగా నెంచబడుటకు అంతకాలము పట్టినదన్న సంగతి గమనింపదగినది.

ఇక పరీక్షల కొలత. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. ఒక్క నిప్పు మీద ఒక్క నీటిలో ఉడికిన మెతుకులకది చెల్లును. ప్రోగ్రాములో ప్రతి మెతుకును వేఱుపొయ్యి మీద ఉడికినట్టిదే. ఒకటి పండినదని ప్రక్కది పండినట్లు గాదు. పరీక్షలు లోపమున్నదని చూపగలవేగాని లేదని చూపజాలవని డచ్చి పండితుడు ఎడ్జర్ డైక్‌స్ట్రా యేనాడో హెచ్చరించియుండెను. అయినను కోడులో నూటికి ఇన్ని పాళ్లు పరీక్షింపబడినవను సంఖ్యను చూపి పెక్కు సంస్థలు తృప్తిపడుచున్నవి. ఆ సంఖ్య చెప్పునదేమనగా, పరీక్ష ఆ పంక్తి మీదుగా నడిచినదని మాత్రమే. నడచుచు కన్నులు తెఱచి చూచినదా లేదా యనునది ఆ సంఖ్యకు తెలియదు. రాత్రి పారావాడు వీధులన్నియు తిరిగెనన్నంత మాత్రమున దొంగలను పట్టగలడని చెప్పవచ్చునా?

దీనికి విరుగుడు లేకపోలేదు. సరాబు నేర్పును పరీక్షింపదలచినవాడు మంచి నాణెముల సంచిలో తెలిసి తెలిసి కొన్ని చెల్లని నాణెములు కలిపి, వానిలో నెన్నింటిని ఏఱివేయునో చూచును. 1978లో డిమిల్లో, లిప్టన్, సేవర్డు అను పండితులు ప్రకటించిన పద్ధతి యిట్టిదే. ప్రోగ్రాములో బుద్ధిపూర్వకముగా చిన్న చిన్న తప్పులు చొప్పించి, ఉన్న పరీక్షలు వానిని పట్టుచున్నవో లేదో చూడవలయును. అప్పుడు కొలవబడునది ప్రోగ్రాము గాదు, పరీక్షయే. అనగా కుంచమునే కొలుచుట. ఇట్లే హార్లన్ మిల్సు అను నాతడు చూపిన త్రోవలో, మిగిలియున్న లోపములను గూడ అంచనా వేయవచ్చును. ఇరువది దొంగ తప్పులను నాటినాము. వెదకువారు అందు పదింటిని పట్టి, వానితోబాటు ముప్పది అసలు తప్పులను పట్టిరి. నాటినవానిలో సగమే దొరకినవి గావున అసలువానిలోను సగమే దొరకియుండునని యూహింపవచ్చును. మఱియొక ముప్పది లోపల నున్నవని జంకవలయును. నాటిన తప్పులు అసలువానిని పోలియుండిననే ఈ యంచనా చెల్లును. అయినను, లోపము లేదు పొమ్మను గర్వోక్తికంటె ఇంకను ముప్పది యుండవచ్చునను వినయము ప్రజలకు మేలుచేయును.

ప్రోగ్రామును ఎంత కొలిచినను, అది పనిచేయు చోటును విడిచి కొలిచినచో ప్రయోజనము లేదు. 1996 జూను 4న ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు తొలి ప్రయాణమున బయలుదేరిన నలువది సెకన్లలో దారి తప్పి ధ్వంసమయ్యెను. దాని ప్రోగ్రాములో ఒక భాగము ఏరియన్ 4 నుండి తెచ్చినది. అచ్చట సంవత్సరముల తరబడి మచ్చలేక పనిచేసినది. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. కుంచెడు గింజలను సోలలో పోసినట్లు, పెద్ద సంఖ్యను చిన్న గదిలో నుంచబోగా లెక్క పొర్లిపోయెను. పాతచోట మంచిదైన కోడు క్రొత్తచోట ప్రమాదమైనది. కాబట్టి నాణ్యము కోడులో దాగియుండు గుణము గాదు. కోడునకును, దానిని వాడు చోటునకును, దానిపై నాధారపడు మనుష్యునకును నడుమ నుండు సంబంధము.

తెలుగు దేశమువారికి ఈ పాఠము దూరపుది గాదు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినపుడు తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థుల భవితవ్యము క్రొత్త కంప్యూటరు పద్ధతి చేతిలో నుండెను. వ్రాసినవారికి వ్రాయలేదనియు, మంచి మార్కులవారికి సున్నలనియు ఫిర్యాదులు వెల్లువెత్తినవి. ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరని పత్రికలు ప్రకటించినవి. ఒక్కొక్క మరణమునకు కారణములు పలువిధములు గావచ్చును. తప్పులలో కొన్ని మనుష్యులవి, కొన్ని యంత్రమువి. ప్రభుత్వము నియమించిన ముగ్గురు సభ్యుల సంఘము లోటుపాట్లను గుర్తించినది. తప్పినవారి పత్రములన్నియు ఉచితముగా మఱల పరిశీలింపబడగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులుగా తేలిరి. ఈ వేయిమందికి కొలత తరువాత దొరకినది. ముందే దొరకవలసినది గదా! పాత పద్ధతిని, క్రొత్త పద్ధతిని ఒక్క ఏడాది ప్రక్కప్రక్కన నడిపి సరిపోల్చుట కన్న సులభమైన కొలత మఱియొకటి గలదా?

కావున మా సూచనలు ఇవి. మొదటిది: ప్రజల హక్కునో, ధనమునో, స్వేచ్ఛనో నిర్ణయించు ప్రతి సాఫ్టువేరునకును లోపముల చిట్టా యుండవలయును, ఎన్ని ఫిర్యాదులు వచ్చినవో, ఎన్ని దినములలో తీర్చిరో, ఎవరికెంత నష్టము కలిగెనో అందు వ్రాయవలయును, దానిని దాచుటకు వీలు లేకుండ ఒప్పందములలోనే షరతు పెట్టవలయును. రెండవది: కొలుచువాడు చేయువాడు కారాదు. మన కేంద్ర ప్రభుత్వము క్రింద పరీక్షలకును నాణ్య ధ్రువీకరణకును ఎస్.టి.క్యు.సి. అను శాఖ యున్నది. అట్టివానిని బలపఱచి, పరీక్షలనే పరీక్షించు పద్ధతులను విధిగా చేయవలయును. మూడవది: సగటును మాత్రమే చూపక, మిక్కిలి చెడ్డగా నష్టపోయినవాని లెక్కను ప్రక్కన చూపవలయును. నాలుగవది: క్రొత్త పద్ధతి పాతదానితో ఒక్క యావృత్తి జతగా నడచి సరిపోలినగాని పాతదానిని తీసివేయరాదు. ఐదవది: న్యాయస్థానమున యంత్రపు లెక్కను చూపి యొకని నేరస్థుడనువాడు ఆ యంత్రపు లోపముల చిట్టాను, మార్పుల చిట్టాను, దూరమునుండి ఎవరెవరు లోనికి ప్రవేశించిరను చిట్టాను ముందుంచవలయును. ఉంచనిచో ఆ లెక్కకు విలువ లేదనవలయును.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. లోపములను బయటపెట్టినచో దొంగలకు దారి చూపినట్లగునని యొకటి. భద్రతకు సంబంధించిన లోపములకు పేరును సంఖ్యయు నిచ్చి లోకమునకు ప్రకటించు పట్టిక 1999 నుండియు అమెరికాలోని మైటర్ సంస్థ నడుపుచున్నది. సాధారణముగా ముందు సరిదిద్దుదురు, పిమ్మట ప్రకటింతురు. లోకము మునిగిపోలేదు, మీదుమిక్కిలి జాగ్రత్త పెరిగినది. దొంగలకు తెలియునను భయముతో యజమానికి గూడ తెలియనీయకుండుట ఏటి న్యాయము? ఇంత కొలతకు వ్యయమెక్కువ యని రెండవ యాక్షేపణ. 555 మందితో సంధి చేసికొనుటకే 2019లో బ్రిటిషు పోస్టాఫీసు 5 కోట్ల 77 లక్షల పౌనులకు పైగా చెల్లించినది. పిమ్మటి పరిహారము దానికి ఎన్నియో రెట్లు. కొలువకపోవుట వలని వ్యయము కన్న కొలుచుట వలని వ్యయము స్వల్పమని ఇంతకంటె నెట్లు చూపవలయును?

మఱియొక హెచ్చరికయు చేయక తప్పదు. ఏ కొలతనైనను జీతమునకో, కంట్రాక్టునకో ముడివేసినచో మనుష్యులు ఆ కొలతను మెప్పించుటకే పనిచేయనారంభింతురు. ఇంగ్లీషు ఆర్థికవేత్త చార్లెసు గుడ్‌హార్టు 1975లో ద్రవ్యవిధానమును గూర్చి చెప్పిన ఈ సత్యము ఇచ్చటను వర్తించును. లోపముల సంఖ్య తగ్గినవానికి బహుమానమన్నచో లోపములు తగ్గవు, నమోదులు తగ్గును. కావున మేము కోరు చిట్టా ఎక్కువ లోపములు చూపినవారిని శిక్షించుటకు గాదు. పది లోపములు వ్రాసి పదింటిని దిద్దినవాడు, ఒక్కటియు వ్రాయనివానికంటె నమ్మదగినవాడని ప్రజలును ప్రభుత్వమును గ్రహించిన నాడే ఆ చిట్టా నిజము పలుకును.

తుదిగా మన యువకులకు ఒక మాట. హైదరాబాదు మాధాపురమునుండి అమెరికా తీరముల వఱకు లోకపు సాఫ్టువేరును వ్రాయువారిలోను పరీక్షించువారిలోను తెలుగువారు లక్షలమంది యున్నారు. గడువు దాటిపోవుచున్నదని, ఈ లోపమును ఇప్పటికి ప్రక్కన నుంచుమని పైవారు చెప్పు దినము వారిలో ప్రతివానికిని వచ్చును. ఆనాడు ఆ లోపమును వ్రాతమూలకముగా నమోదు చేయుడు. మీరు ఎన్నడు చూడని యొక యూరిలో, మీకు తెలియని యొక దుకాణదారు, మీ యంత్రము చూపిన సంఖ్యకు సమాధానము చెప్పుకొనుచు నిలిచియుండవచ్చును. అతని న్యాయవాదికి దొరకదగిన సాక్ష్యము మీరు వ్రాసిన ఆ పంక్తియొక్కటే కావచ్చును. న్యాయవాద మిత్రులారా! యంత్రము సరిగానే యున్నదని ప్రతిపక్షి అనినపుడు తల యూపి కూర్చుండకుడు. ఎవరు కొలిచిరి, దేనితో కొలిచిరి, చిట్టా యెక్కడ నని మూడు ప్రశ్నలు వేయుడు. సమాధానము వచ్చువఱకు కూర్చుండకుడు.